మధ్యాహ్నం పూటే ఆగే కంప్యూటర్

మా కంప్యూటర్ ఆగిపోవడం మొదలైనప్పుడు నేను ముందుగా అనుమానించింది మా ఆయన్నే. ఆదివారం వస్తే చాలు, సినిమాలన్నీ దాంట్లోకి ఎక్కించేవాడు. "నీ సినిమాలతోనే గిట్లయితాంది" అంటే, "అది ముసల్దయింది, ఇగ దాన్నేమనకు" అని నవ్వుతూ డ్యూటీకి పోయాడు. నవ్వకేం చేస్తాడు, పోయేది నా పని కదా! కండ్లకోయ కాలేజీల పిల్లలకు ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసిస్తాను. పేట్ బషీరాబాద్‌లో ఇల్లు కదలకుండా నేను చేయగలిగిన పని అదొక్కటే. ఒక్కసారి ఆలస్యం చేశానంటే ఆ పిల్లలు మళ్లీ మా గడప తొక్కరు.

రిపేరు చేసేవాణ్ణి ఇంటికే పిలిపించాను. డబ్బా మూత తీస్తే లోపలి ఫ్యాను నిండా దుమ్మే. బ్రష్షుతో ఊడ్చి, "అక్కా, దీని ఎనక గాలి ఆడాలె. గాలి ఆగిందంటే ఏడెక్కి గిట్లనే హ్యాంగయితది" అన్నాడు. మా అత్తమ్మ పక్కనే నిలబడి విన్నది. ఆమె శామీర్‌పేట చెరువు చేపలను గంపకెత్తుకుని ఊరూరా అమ్మిన మనిషి. మోకాళ్లు అరిగాక మా దగ్గరికి తెచ్చుకున్నాం. "గాలి గూడ గావాల్నా దీనికి!" అని బుగ్గలు నొక్కుకుంది.

ఆ తర్వాత కంప్యూటర్ గుర్రంలా పరిగెత్తింది. పని మీద పని పడింది, నాకు తల తిప్పే తీరిక లేదు. నెల తిరక్కుండానే మళ్లీ మొదలు! పొద్దంతా బాగానే నడుస్తుంది. అన్నం తిని వచ్చి కూర్చున్న కాసేపటికి మౌస్ బిగుసుకుపోతుంది. ఈసారి అనుమానం రిపేరువాడి మీదికి పోయింది. మంచి పార్టు పీకి పాతది తగిలించి ఉంటాడు దొంగ సచ్చినోడు! ఫోన్‌లో కడిగి పారేశాను.

"పార్టు ఖరాబైతే పొద్దుగాల ఎట్ల నడుస్తదక్కా? మీ ఇంట్లనే ఏందో ఉంది, సూస్కో" అన్నాడు.

ఎంత మాట! అయినా మనసులో నాటుకుంది. కరెంటేమోనని ప్లగ్గు మార్చాను. వైరస్సేమోనని వెతికించాను. ఏమీ లేదు. అది ఆగినప్పుడల్లా తిట్టుకుంటూ వంటింట్లోకి పోయేదాన్ని. అక్కడ అత్తమ్మతో కలిసి గోరుచిక్కుడు తుంచుతుంటే, మేడ్చల్‌లో బేరమాడి చంపిన ఆడవాళ్ల కథలన్నీ చెప్పేది. ఒకనాడు గమనించాను. నేను లేచి వచ్చేసరికే వంటింట్లో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. నేను వస్తానని ఈమెకెట్లా తెలుసు?

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ ఆగగానే, "మిద్దె మీద బట్టలు తెస్త అత్తమ్మా" అని గట్టిగా చెప్పి, సగం మెట్లు ఎక్కి వెనక్కొచ్చాను. కింద పడ్డ చెంచాను కూడా నన్నే తీయమనే మనిషి, టేబుల్ కింద వంగి ఉంది! డబ్బా వెనక నుంచి మడత పెట్టిన తువ్వాలను లాగుతోంది.

"ఏంది అత్తమ్మా గిది? నా నోట్ల మన్ను గొడ్తున్నవా?" అని అరిచాను. రేపటికల్లా ఇవ్వాల్సిన రిపోర్టు తెర మీద అట్లాగే బిగుసుకుపోయి ఉంది.

ఆమె బుకాయించలేదు. టేబుల్ కోడు పట్టుకుని, "అది ఆగితెనే గద బిడ్డా, నువ్వు నాతోని మాట్లాడేది" అంది.

నాకు కోపం దిగలేదు. తువ్వాలు లాగి అవతల పడేశాను. ఆమెను లేపి పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. "ఇగ చెప్పు. అది తెరుసుకునేదాక వింట" అన్నాను.

సంతంతా వినబడేలా కేకేసి చేపలమ్మిన మనిషి, తెర మీద తిరుగుతున్న చక్రం వంక చూస్తూ కూర్చుంది. చివరికి నా చెయ్యి మీద చెయ్యి వేసి, మెల్లగా అడిగింది.

"అది జల్ది తెరుసుకోదు గద బిడ్డా?"