పెద్దింటి వాటాలో కంద

ఆస్తులు పోయిన ఇళ్ళలో అన్నిటికంటే ఆలస్యంగా పోయేది నడక. ఆ రోజుల్లో నేను వీధిలో నడుస్తుంటే, తెలియనివాళ్ళు అనకాపల్లి బెల్లం మార్కెట్టులో సగం నాదే అనుకునేవారు. తెలిసినవాళ్ళు మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకునేవారు. మా తాతగారి హయాంలో చెరుకు తోటలూ, రెండు గానుగలూ, వీధి పొడుగునా ఇల్లూ ఉండేవట. కోర్టు వ్యాజ్యాల పుణ్యమా అని అవన్నీ ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోగా, రెండువేల ఆరేడు ప్రాంతానికి, అంటే నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి, మా మామ్మకూ నాకూ కలిపి ముందువైపు మూడు గదులూ ఒక పెద్ద ఇనుప గేటూ మిగిలాయి. గేటుకు అటూ ఇటూ ఉండవలసిన ప్రహరీ గోడ, స్థలంతోపాటు అమ్ముడుపోయింది. గేటు ఒక్కటే నిలబడి ఉండేది. మా ఇంటికి వచ్చేవాళ్ళంతా దాని పక్కనించి నడిచి వచ్చేవారు. మామ్మా నేనూ మాత్రం గడియ తీసి, గేటు తెరిచి, లోపలికి వచ్చి, మళ్ళీ గడియ వేసేవాళ్ళం. (నవ్వితే నవ్వండి. పక్కనించి రావడం మా ఇద్దరికీ తట్టనే లేదు.)

నేను ఒక ప్రైవేటు బడిలో సైన్సు మాస్టారుగా చేరాను. షేర్ ఆటోలో డ్రైవరు పక్కన అంచు మీద కూర్చుని సగం బయటికి వేలాడుతూ పోవడం మా వంశంలో లేదు కనుక, రోజూ నడిచే వెళ్ళేవాణ్ణి. వ్యాయామం కోసం అని చెప్పేవాణ్ణి.

ఇన్ని పోయినా మా ఇంటికి ఒక మర్యాద మిగిలింది. మా వీధిలో పది ఇళ్ళవాళ్ళు కలిసి ఆదివారం ఆదివారం ఒక మేకను కోయించి వాటాలు పంచుకునేవారు. ఆ పని చేసే ఆయన్ని అందరం వాటాల మామ అనేవాళ్ళం. ఆయన ప్రతి శనివారం సాయంత్రం మా అరుగు దగ్గరికి వచ్చి, తుండుగుడ్డ భుజం మీంచి తీసి చేత పట్టుకుని, "రేపు కొయ్యమంటారేటమ్మగారూ?" అని అడిగేవాడు. మా మామ్మ కాస్త ఆలోచించినట్టు మొహం పెట్టి "కానీ" అనేది. ఆవిడ కానీ అనకుండా మేక మీద కత్తి పడేది కాదు. మర్నాడు పొద్దున్న మొదటి వాటా అడ్డాకులో కట్టి మా గేటు దగ్గరికి తెచ్చి, వీధి ఆ చివరికి వినబడేలా "పెద్దింటి వాటా అమ్మగారూ! కార్జంతో సహా!" అని కేక వేసేవాడు. మామ్మకు అప్పటికి నాలుగు పళ్ళే ఉండేవి, చూపు సరిగా ఆనేది కాదు. ముక్క నమిలేదీ లేదు. కానీ ఆ కేక కోసం ఆదివారం తెల్లవారుజామునే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, అరుగు మీద కూర్చునేది.

ఇలా ఉండగా మా బడివాళ్ళు నన్ను విశాఖపట్నంలో ఒక్కరోజు శిక్షణకు పంపించారు. అక్కడ ఒకాయన భూమి వేడెక్కడం గురించి చెప్పాడు. పశువులూ మేకలూ గొర్రెలూ నెమరు వేసేటప్పుడు కడుపులోంచి ఒక వాయువు వస్తుందనీ, అది గాలిని వేడెక్కిస్తుందనీ, మేత కోసం అడవులు పోతున్నాయనీ, వేడికి మంచు కరిగి సముద్రాలు ముందుకు వస్తాయనీ, మనం మాంసం కాస్త తగ్గించుకుంటే ఎంతో మేలనీ ఆయన చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. భూగోళాన్ని కాపాడటం మా స్థాయికి తగిన పని అనిపించింది. మర్నాడు తొమ్మిదో తరగతిలో చెప్పేశాను. కాసేపు నవ్వులే నవ్వులు. "మేక త్రేనిత్తే సముద్రం పొంగుతాదేటి సార్?" అని వెనక బెంచీ అడిగింది. ఒక్క పిల్ల మాత్రం నవ్వలేదు. రెండు జడల పిల్ల, అక్షరాలు ముత్యాల్లా రాసేది. లేచి నిలబడి, "మా అమ్మమ్మోలిల్లు రాంబిల్లి దగ్గర, సముద్రం పక్కనేనండి. అది కూడా ములిగిపోతాదేటండి?" అంది.

లేదు అనలేకపోయాను. "మనం ఏమీ చెయ్యకపోతే, ఎప్పటికో..." అన్నాను. ఆ పిల్ల అక్కడికక్కడే నెలకు ఒక్కసారే మాంసం తింటానంది. దాన్ని చూసి మరో ఇద్దరు లేచారు. పర్యావరణ సంఘం ఏర్పడిపోయింది, రెండు జడలది సెక్రటరీ అయిపోయింది. అయిపోగానే నాకేసి తిరిగి, "మరి మీరేటి తగ్గిత్తారు సార్?" అని అడిగింది. నెలకు ఒకసారి అంటే సరిపోయేది. కానీ పిల్లలతో సమానంగా మాట ఇవ్వడం మా ఇంటి పద్ధతి కాదు కదా! వెన్ను నిటారుగా పెట్టి, "ఈ విద్యాసంవత్సరం అయ్యేదాకా నేను మాంసం ముట్టను" అన్నాను. అంతటితో ఊరుకోకుండా, ఎవరు మాట మీద నిలబడ్డారో సభ్యులే ఇళ్ళకు వెళ్ళి చూసి నోటుబుక్కులో రాయాలనే నియమం కూడా పెట్టాను. ఆ నియమం పెట్టినందుకు నన్ను నేనే చాలా మెచ్చుకున్నాను.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో మామ్మ గుర్తొచ్చింది. వాటా వద్దంటే కేక ఆగిపోతుంది. కేక ఆగిపోతే ఆవిడకు ఆదివారం అంటూ ఏం మిగులుతుంది? అలాగే వెనక్కి తిరిగి వాటాల మామ ఇంటికి వెళ్ళాను. ఆయన గుమ్మంలో కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు.

"మామా, నేను మాంసం మానేశాను" అన్నాను.

"ఏ మొక్కు బాబూ?"

మొక్కు కాదని, మొత్తం సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మేక త్రేనుపుకే ఇంతవుతే మా బావమరిది సంగతేటి బాబూ?" అన్నాడు. నేను నవ్వకపోయేసరికి తనూ గంభీరమయ్యాడు. "మీరు మానేత్తే మానీండి. గానీ నాను గేటు కాడ కేకెయ్యకపోతే ఈదిలో ఏటనుకుంటారు? పెద్దింటోలు వాటా తియ్యలేక మానేసినారంటారు. అమ్మగారు తట్టుకుంటారేటి?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. (అమ్మగారికంటే ముందు నాకే తగిలిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.) "కేక వెయ్యి మామా. మాంసం మాత్రం తేకు" అన్నాను.

"మరి పొట్లంలో ఏటెట్టమంటారు?"

గోడవార ఒక పెద్ద కంద దుంప కనబడింది. "కంద" అన్నాను.

ఆయన ఒకసారి కత్తి వంకా ఒకసారి కంద వంకా చూశాడు. "ముప్పయ్యేళ్ళుగా ఈ కత్తితో మాంసం తప్ప మరోటి కొయ్యలేదు బాబూ" అని నిట్టూర్చి, "మీ వాటా మా అల్లుడింటికి పంపిత్తాను లెండి" అన్నాడు. (మేక ఎలాగూ తెగుతూనే ఉంది కదా, దీనివల్ల భూగోళానికి ఒరిగిందేమిటన్న ప్రశ్న ఆ సాయంత్రం నా బుర్రలోకి రాలేదు.)

ఆదివారం కేక పడింది, కార్జంతో సహా. నేను పరుగున వెళ్ళి పొట్లం అందుకుని, "చూపు ఆనక పొయ్యి దగ్గర ఇబ్బంది పడుతున్నావు, ఇక ఆదివారాలు వంట నేనే చేస్తాను" అని మామ్మకు చెప్పాను. అల్లం, వెల్లుల్లి, గసగసాలు, గరం మసాలా దండిగా వేసి వండాను. రంగు చూస్తే నాకే నోరూరింది. రెండు ముద్దలు తిన్నాక ఇద్దరికీ గొంతులు దురద పెట్టడం మొదలుపెట్టాయి. కంద దురద పెడుతుందని నాకేం తెలుసు? మేం తినేవాళ్ళమే గాని వండినవాళ్ళం కాదు కదా. మామ్మ గొంతు సవరించుకుంటూ, "ఏటిరా, మాంసం దురద పెడతంది?" అంది.

"మేక దురదాకు ఏదో తినుంటుంది మామ్మా" అన్నాను.

"అలాగేటి? పాపం" అని, మామ్మ కంచం అక్కడే వదిలి పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఆ తరవాతి ఆదివారం నేను పొయ్యి దగ్గర ఉంటే, గుమ్మంలో కూర్చుని, "ఆ మాంసంలో కాస్త చింతపండు పులుసు పొయ్యరా" అంది. మాంసంలో చింతపండేమిటి, పెద్దావిడకు మతి తప్పుతోంది కాబోలు అని జాలిపడి, ఆవిడ మాట తీసెయ్యలేక పోశాను. చిత్రంగా దురద తగ్గింది.

నాలుగు ఆదివారాలు ఇలా నడిచాయి. అయిదో ఆదివారం వాటాల మామ "పెద్దింటి వాటా అమ్మగారూ!" అని కేక వేసి పొట్లం నా చేతిలో పెడుతుండగా, గేటు పక్కనించి ముగ్గురు పిల్లలు వచ్చేశారు. ముందు రెండు జడలది, చేతిలో నోటుబుక్కు. "కార్జంతో సహా!" అన్న చివరి ముక్క సరిగ్గా వాళ్ళ మొహాల మీద పడింది.

ఆ పిల్ల పొట్లం వంక చూసింది. తరవాత నా మొహం వంక చూసింది. "మాంసమాండి?" అంది.

పొట్లం విప్పితే చాలు, నా మాట నిలబడుతుంది. కానీ నాలుగు అడుగుల దూరంలో అరుగు మీద ఉతికిన చీరలో మామ్మ. చుట్టూ పది గుమ్మాల్లో పదిమంది. వాటాల మామ నేల చూపులు చూస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరి ముందూ అబద్ధాలకోరుగా నిలబడలేదు. ఆ పిల్ల అమ్మమ్మ ఇల్లు సముద్రం పక్కన ఉంది. నా మాట నమ్మి అది నెలకు ఒక్కసారితో సరిపెట్టుకుంటోంది.

"అవును, మా వాటా" అన్నాను.

ఆ పిల్ల నోటుబుక్కు తెరిచి, నిలబడే, ముత్యాల్లాంటి అక్షరాలతో "సార్ - తప్పారు" అని రాసింది. తిడితే బావుండేది. వెనక కుర్రాడు "నాను ముందే సెప్పేను కదే" అని గొణిగాడు. వాళ్ళు వెళ్ళిపోబోతుంటే అరుగు మీంచి మామ్మ గొంతు వినబడింది. "వాటా వచ్చిన వేళకి గుమ్మంలోకి వచ్చి తినకుండా వెళ్ళడమేటర్రా? పెద్దిల్లు ఇది. రండి లోపలికి."

వద్దని పిల్లలన్నారు, వద్దని నేనూ అన్నాను. మామ్మ వింటేనా! ఆవేళ వంట తనే చేస్తానంది. నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. పొట్లం విప్పాక కూడా లోపలినించి కేకలేవీ రాకపోయేసరికి, చూపు ఆనక పోల్చుకోలేదు కాబోలు అనుకున్నాను. గంటన్నర సేపు వసారాలో ఆ ముగ్గురి ఎదుట కూర్చున్నాను. సెక్రటరీ ఒకే ఒక్కసారి నోరు తెరిచి, "నాను ఈ నెల తినేసేనండి, అన్నంలోకి మజ్జిగ చాలు" అంది. మామ్మ వినిపించుకోకుండా దాని కంచంలో అందరికంటే ఎక్కువ వడ్డించింది.

పెద్దావిడ ఎదురుగా నిలబడి ఉంది కనుక ఆ పిల్ల ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. కళ్ళెత్తి నాకేసి చూసింది. నేను గోడ మీది క్యాలెండరు వంక చూశాను. మిగతా ఇద్దరూ "ఇది..." అని మొదలుపెట్టగానే ఆ పిల్ల వాళ్ళ కాళ్ళు తొక్కినట్టుంది, ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడి ఊరుకున్నారు.

"మాంసం బావుందేటమ్మా?" అంది మామ్మ.

"బావుందండి మామ్మగారూ. మెత్తగా ఉడికిందండి" అంది ఆ పిల్ల. మరోసారి వేయించుకుని తిన్నది.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చినప్పుడు నా పక్కన నిలబడి, నీళ్ళ చప్పుడులో, "మామ్మగారికి తెలవదాండి?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. "నాను సెప్పనండి" అంది. వెళ్ళేముందు నోటుబుక్కు తెరిచి రాసిన ముక్క కొట్టేసింది. కొట్టేసిన చోట ఏమీ రాయలేదు.

వాళ్ళు వెళ్ళాక మామ్మ కంచాలు తీస్తూ, "తెలివైన పిల్లరా. ఒక్క ముక్కకే తెలిసిపోయినా నోరెత్తలేదు" అంది.

"ఏం తెలిసింది మామ్మా?"

"కంద అని."

నేను పీట మీద కూలబడ్డాను. "నీకెప్పటినించి తెలుసు?"

"చూపు ఆనకపోతే నాలిక కూడా పోయిందనుకున్నావేటి? మొదటివారమే తెలిసింది. మేక దురదాకు తిందన్నావు చూడు, నవ్వాపుకోలేక పెరట్లోకి పోయేను. చింతపండు చెప్పకపోతే ఇద్దరి గొంతులూ వాచిపోయేవి."

"మరి అడగలేదేం?"

మామ్మ చేతిలో కంచాలు కింద పెట్టింది. "వాటా తియ్యలేని రోజు వచ్చిందేమో, నాకు తెలిస్తే నువ్వు తలెత్తుకు తిరగలేవేమో అనుకున్నాను. నీది మీ తాత వెన్నురా. వంగదు, విరుగుతాది. అందుకే తింటూ ఊరుకున్నాను. అయినా ఈ నాలుగు పళ్ళకి కందే హాయిగా ఉంది."

అప్పుడు మొత్తం చెప్పాను. మేకలు, వాయువు, వేడి, సముద్రం, రాంబిల్లి, ఆ పిల్ల అమ్మమ్మ ఇల్లు. అంతా విని, "ఈ ముక్క నాకు ముందే చెప్పొచ్చు కదరా" అంది మామ్మ. అంతే.

శనివారం వాటాల మామ వచ్చాడు, తుండుగుడ్డ చేత పట్టుకుని. "రేపు కొయ్యమంటారేటమ్మగారూ?"

"వద్దు" అంది మామ్మ.

ఆయనకు తను విన్నది అర్థం కాలేదు. ముప్పయ్యేళ్ళలో ఆ మాట ఎన్నడూ వినలేదు మరి. "అమ్మగారూ?"

"ఇకమీదట వారం విడిచి వారమే. పెద్దింటివాళ్ళు చెప్పారని అందరికీ చెప్పు. సముద్రం ముందుకొస్తందట."

ఆయన నాకేసి, ఆవిడకేసి మార్చి మార్చి చూసి, "మరి రేపు వాటా...?" అన్నాడు.

"కందే తే. కేక మామూలుగా వెయ్యి. ముక్కలు పెద్దవి కోత్తన్నావు, ఉడకడం లేదు" అంది మామ్మ.

వీధంతా చేతులు కట్టుకుని విన్నదని చెప్పను. సగంమంది సణిగారు, కొందరు ఆ ఆదివారాలు కోడి దుకాణానికి వెళ్ళారు. కానీ ఆ తరవాత మామ్మ ఉన్న నాలుగేళ్ళూ మా వీధిలో వారం విడిచి వారమే మేక తెగింది. సంఘం నోటుబుక్కులో ఆ సంగతి సెక్రటరీయే రాసింది.

నేను ఆ విద్యాసంవత్సరం దాటాక కూడా మాంసం జోలికి పెద్దగా వెళ్ళలేదు. పండగకో పబ్బానికో ఒక ముక్క, అంతే. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు నా దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెడతాను. పక్కన కూర్చున్నవాడు నా నెరిసిన తల చూసి, "ఏటి బావా, షుగరా?" అని జాలిగా అడుగుతాడు. భూమి గురించీ సముద్రం గురించీ నాలుగు మాటలు చెప్పొచ్చు. చెబితే వింటారని మామ్మ ఏనాడో చూపించింది కూడా. అయినా వెన్ను నిటారుగా పెట్టి, "ఆ, కొంచెం" అంటాను. నాకు షుగరు లేదు.