ఎడమకు తిరగని విమానం

1987లో నాకు గాజువాకలో టీవీలు, టేప్ రికార్డర్లు బాగుచేసే షాపు ఉండేది. స్టీల్‌ప్లాంటు పనులు జోరుగా నడుస్తున్న కాలం. ఊళ్ళో కొత్త ముఖాలు, వాటితోపాటు కొత్త సరదాలు. కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర సత్యం గారని ఒక గోదావరి జిల్లా ఆయన వీడియో గేమ్ పార్లర్ పెట్టాడు. మిషన్లు మద్రాసు నుంచి తెచ్చాడుగానీ అవి చెడిపోతే చూసేవాళ్ళెవరూ ఇక్కడ లేరు. లోపలున్నది పిక్చర్ ట్యూబే కదా అని నన్ను పిలిచాడు. అలా ఆ పని నాకు తగులుకుంది.

అక్కడ అందరూ ఎగబడి ఆడేది విమానం ఆట. ఎదురొచ్చే విమానాల్ని కాలుస్తూ, వాటి తూటాలు తగలకుండా కుడిఎడమలకు తప్పుకోవాలి. ఆట అయ్యాక బాగా ఆడినవాళ్ళ పేర్లు, మూడేసి ఇంగ్లీషు అక్షరాల్లో, తెర మీద వరసగా పడేవి. దాన్ని హైస్కోర్ అంటారు. రాత్రి కరెంటు కట్టేస్తే ఆ పేర్లన్నీ చెరిగిపోయేవి. మర్నాడు సాయంత్రానికి మాత్రం పైన మళ్ళీ సూరిబాబు పేరే ఉండేది. దాని కింద రమణ పేరు.

వాళ్ళిద్దరూ బావా బావమరుదులు. రమణ సూరిబాబుకి మేనత్త కొడుకు, రెండేళ్ళు పెద్ద. ఇద్దరూ ఐటీఐలో చదువుతున్నారు. రమణ మంచి పొడగరి, కబడ్డీలో కూతకెళ్తే పట్టుకోవడం కష్టం, మార్కుల్లోనూ ముందే. సూరిబాబు ఎప్పుడూ బావ వెనక నడిచేవాడు. ఆ మిషన్ రాకముందు వాడి పేరు ఎవరూ విడిగా పలికి ఎరగరు. ఇప్పుడు వాడు ఆడుతుంటే చుట్టూ జనం మూగేవాళ్ళు. రమణ కూడా ఆ గుంపులోనే, చేతులు కట్టుకుని, అందరి వెనకా నిలబడేవాడు. అందరూ తెర వైపు చూస్తే అతను చప్పట్లు కొట్టేవాళ్ళ వైపు చూసేవాడు.

ఒకరోజు సత్యం గారు కబురు పెట్టాడు. విమానం ఎడమకు సరిగ్గా తిరగడం లేదని ఆడేవాళ్ళు అంటున్నారట. నేను పొద్దున్నే వెళ్ళి జాయ్‌స్టిక్, అంటే చేత్తో తిప్పే ఆ పుల్ల, విప్పి చూశాను. దాని కింద నాలుగు పక్కలా నాలుగు చిన్న స్విచ్‌లుంటాయి. వాటిని మైక్రోస్విచ్‌లంటాం. పుల్ల ఎటు వంచితే అటువైపు స్విచ్ నొక్కుకుని టిక్కుమంటుంది. అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. అయినా ఎడమవైపుది మార్చి వచ్చేశాను. వారం తిరక్కుండా మళ్ళీ అదే కబురు. వెళ్ళాను, మళ్ళీ ఏమీ లేదు. నాకు పని రాదని సత్యం గారు అనుకుంటున్నాడేమో అనిపించి ఆ మాట మనసులో గుచ్చుకుంది.

మూడోసారి కబురంపుతాడని చూడకుండా ఒక సాయంత్రం, ఆట నడుస్తుండగానే వెళ్ళాను. సూరిబాబును ఒక్క నిమిషం ఆగమని మూత విప్పాను. ఎడమ స్విచ్ కింద సైకిలు ట్యూబు ముక్క ఒకటి దూర్చి ఉంది. పుల్ల వంచితే నొక్కు ఆలస్యంగా పడుతుంది, లేదా పడనే పడదు. ఎవరో ఆట వేళకు పెట్టి, రాత్రి ఆట అయ్యాక తీసేస్తున్నారన్నమాట. ఆ మూత తాళంచెవి సత్యం గారి దగ్గర ఒకటి ఉంది. ఇంకోటి, ఎలక్ట్రీషియన్ ట్రేడు చదువుతున్నాడు కదా, దుమ్ము దులుపుతాడని నమ్మి రమణకిచ్చాడు.

నేను ఆ ముక్క పట్టుకుని లేచేసరికి అందరి కళ్ళూ రమణ మీదే ఉన్నాయి. అతను తప్పించుకోవాలని చూడలేదు.

"నానే పెట్టాను. ఏటి సేత్తారో సెయ్యండి" అన్నాడు.

సత్యం గారు ఏదో అనబోయాడు. ఈలోగా సూరిబాబు తల దించుకునే అన్నాడు. "నాకు తెలుసు బావా. మొదటి రోజే తెలిసిపోయింది. ఎడమకి కాస్త ముందుగానే తిప్పుకుంటన్నాను."

మరి ఎందుకు చెప్పలేదని నేనడిగాను.

"సెప్తే బావ ఇక రాడు కదన్నా. ఆడు రాకపోతే నాను ఎవుడి మీద గెలవాలి?"

వాడు దాన్ని త్యాగంగా అనలేదు. ఉన్న మాట చెప్పాడంతే. కానీ చుట్టూ ఉన్న కుర్రాళ్ళు వాడి భుజం తట్టారు. రమణ తాళం కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు రమణ నా షాపుకొచ్చాడు. పనేమీ లేదు, స్టూలు మీద కూర్చున్నాడు. నేను సోల్డరింగ్‌తో తీగలు అతుకుతుంటే చూస్తూ అన్నాడు.

"ఆటలో ఓడిపోతే ఏదోలా ఓర్సుకుందును అన్నా. ఇప్పుడు అందరూ ఆడు మంచోడంటన్నారు. ఆ పేరు కూడా నానే ఆడికి ఇచ్చేశాను."

పశ్చాత్తాపం వల్ల వచ్చాడని అప్పటిదాకా అనుకున్నాను. కాదు. అసూయ ఇంకో మెట్టు ఎక్కింది. టీ తెప్పించాను, తాగి వెళ్ళాడు.

ఆ తర్వాత రమణ పార్లర్ గడప తొక్కలేదు. సూరిబాబు కొన్నాళ్ళు ఆడి వాడూ మానేశాడు. ఎవరూ వెనక లేకుండా పైన ఉండటం వాడికి రుచించలేదేమో. రమణకు పోర్టులో ఉద్యోగమొచ్చింది, సూరిబాబు గాజువాకలోనే మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళలో కలుస్తారు, మాట్లాడుకుంటారు. సూరిబాబు షాపు ఎలా నడుస్తోందని మాత్రం రమణ నన్ను విడిగా అడుగుతాడు. బాగా నడుస్తోందంటే ఒక్క క్షణం ఆగి, అప్పుడు సంతోషం అంటాడు.

ఆ డబ్బా పిల్లల్ని పాడుచేసిందని రమణ తండ్రి చాలాకాలం తిట్టుకున్నాడు. నాకలా అనిపించదు. ఎప్పుడూ ముందుండే రమణకు తన పైన ఇంకొకడుంటాడని, ఎవరికీ కనబడని సూరిబాబుకు తానూ గెలవగలడని అదే డబ్బా చూపించింది. ఒక్క ఆటే ఇద్దరికీ రెండు పాఠాలు చెప్పింది. ఇప్పటికీ ఎవరైనా మావాడు ఆటలకు అలవాటు పడ్డాడని దిగులుగా వస్తే నేను ఒకటే చెబుతాను. ఆడుతున్నప్పుడు వాడి ముఖం చూస్తే ఏమీ తెలియదు. పక్కవాడు గెలుస్తుంటే, తన వంతు కోసం నిలబడ్డప్పుడు చూడండి.