ఎర వేయలేదని సంతకం

హైమకి అరవై ఆరేళ్లు. క్యారీ అనే ఊళ్లో ఒక ఫార్మా ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి, ఎవరిచేతా ఒక మాట పడకుండా రిటైరైంది. అలాంటి మనిషి ఇప్పుడు మిన్నెసోటా అడవిలో, ఎముకలు కొరికే చలిలో, అద్దం దించిన కారులో కూర్చుని గుడ్లగూబ కోసం ఎదురుచూస్తోందంటే, దానికంతటికీ కారకుడు మొగుడు హరనాథ్.

గుండె డాక్టరుగా ఉన్నన్నాళ్లూ అతనికి కాకికీ కోయిలకీ తేడా తెలియదు. రిటైరయ్యాక కెమెరా కొన్నాడు, చెయ్యంత లెన్సు కొన్నాడు. పెద్ద బూడిదరంగు గుడ్లగూబ మంచు మీదికి దూకుతుండగా ఫోటో తీసి, పక్షుల క్లబ్బు క్యాలెండర్లో వేయించుకోవాలని పట్టుబట్టాడు. జనవరి మూడోవారంలో తప్ప అది దొరకదని ఎవరో చెప్పారట. దక్షిణాన, చలికాలంలోనూ ఎండ కాసే ప్లేనోలో ఉన్న మనవరాలు ఇషా పుట్టినరోజు కూడా ఆ వారమే. నాలుగేళ్లుగా ప్రతి జనవరీ ఈ అడవికే వస్తూ, ఆ పిల్ల కేకు కోయడం హైమ ఫోన్లోనే చూస్తోంది.

“ఈ ఒక్క ఫోటో పడితే చాలు హైమా, ఇక ప్రతి జనవరీ ప్లేనోలోనే,” అని మాటిచ్చాడు. ఆ సంగతి గుడ్లగూబకి ఎవరు చెప్పాలి?

ఈసారీ మొదటిరోజు నోరెత్తకూడదు, హీటర్ వేయకూడదు.

“అద్దం ఎత్తండి, కాళ్లు కొయ్యబారిపోతున్నాయి.”

“ష్! వేడిగాలికి ఫోటో అలుక్కుపోతుంది.”

లెన్సు కదలకుండా కిటికీ అంచున పెట్టుకోవడానికి, పాత లుంగీతో హైమ కుట్టిచ్చిన బియ్యం సంచి ఒకటుంది. సాయంత్రానికి దాని కుట్టు ఊడి, బియ్యం సన్నగా బయట మంచులోకి కారుతున్నాయి. వెనక సీట్లోంచి హైమ చూసింది. చెబితే ఇంత చలిలోనూ తననే సూది పట్టుకోమంటాడని ఊరుకుంది. సంచి చిక్కిపోయిన సంగతి హరనాథ్‌కి పట్టనే లేదు.

రెండోరోజు పొద్దున్నే అదే చోట కారు ఆపాడు. కాసేపటికి మంచులోంచి ఒక ఎలుక తల బయటపెట్టి, బియ్యపు గింజ కరుచుకుని చెట్లవైపు పరుగెత్తింది. సగం దూరం కూడా పోలేదు, చప్పుడన్నది లేకుండా గుడ్లగూబ వచ్చి దానిమీద పడింది. కెమెరా టకటకలాడింది.

హరనాథ్ నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. “చూశావా హైమా? ఆ రెక్కలు చూశావా?” హైమకీ సంతోషమేసింది. ముందు ప్లేనో ఎండ గుర్తొచ్చి, తర్వాత అతని మొహం చూసి.

మోటెల్ గదికి రాగానే క్లబ్బు ఫారం నింపాడు. పక్షికి ఎరగా ఏ తిండీ వేయలేదని ఫోటో తీసినవాళ్లతోపాటు పక్కనున్నవాళ్లు కూడా సంతకం పెట్టాలి. హైమ ఫోటో పెద్దది చేసి చూసింది. తెల్ల మంచులో తెల్ల బియ్యం. ఒక్క గింజా కనిపించలేదు. పేరు గీసి పారేస్తే పీడ విరగడైపోతుంది. ముప్పై ఏళ్లలో ఒక్క అబద్ధపు కాగితం మీదా సంతకం పెట్టని తన పాడు అలవాటు మీద ఆమెకి ఒళ్లు మండింది.

“ఏవండీ, ఆ ఎలుక మన బియ్యానికొచ్చింది,” అని మొత్తం చెప్పింది.

“నిన్ననే చెప్పొచ్చు కదా?”

“చెబితే నాచేతే కుట్టించేవారు.”

హరనాథ్ ఫారం మడిచి చెత్తబుట్టలో వేశాడు. లెన్సు తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశాడు. “పోనీలే. నాకూ చలికి వేళ్లు ఆడటం లేదు. వచ్చే ఏడు ప్లేనోకే పోదాం. ఇషా హ్యాపీగా ఫీలవుతుంది.”

నాలుగేళ్లుగా వినాలనుకున్న మాట. తీరా విన్నాక హాయిగా లేదు. నాలుగు తిట్టినా బాగుండేది. ఇంత మంచిగా ఓడిపోయిన మనిషిని వెంటేసుకుని ప్లేనోలో ఏ ఎండలో కూర్చోవాలి? అతని మీదా, గుడ్లగూబ మీదా, అందరికంటే ఎక్కువగా తన మీదా చెప్పలేనంత చిరాకేసింది.

“ఆ ఫోన్ ఇటివ్వండి,” అంది.

“ఎందుకు?”

“మాట్లాడకుండా ఇవ్వండి.”

వచ్చే జనవరి మూడోవారానికి అదే గది బుక్ చేసి, ఫోన్ అతని ఒళ్లోకి విసిరింది. ఆ తర్వాత ఇషాకి ఏం చెప్పాలా అని మంచం అంచున కూర్చుంది.