అరువు దొరకని గొడ్డలి

నా చిన్నప్పుడు మా ఊళ్లో చెట్టు మీద కత్తి పెట్టేది ఒక్క మేకల కోసమే. కంబదూరు పక్కన మాది మెట్ట పల్లె. వాన సరిగా పడని ఏడు చేలగట్ల మీద గడ్డిపోచ కూడా దొరకదు. అప్పుడు పొడవాటి కట్టెకు కొడవలి కట్టి, దాన్ని వేపకో తుమ్మకో తగిలించి గుంజేవాళ్లం. ఆ కట్టెను దోటి అంటారు. కొమ్మ విరిగి, బెరడు చీలి కింద పడితే మేకలు ఎగబడేవి. వేప మొండిది కనుక మళ్లీ చిగురించేది. చెట్టును కోయడమంటే అదేనని పదేళ్లు వచ్చేదాకా నేను గట్టిగా నమ్మాను. నేను ఏది నమ్మినా గట్టిగానే నమ్ముతాను. ఇప్పటికీ నా మనవరాళ్లు ఆ మాటే అని నవ్వుతారు.

మా పెరట్లో ఒక చీనీ చెట్టు, అంటే బత్తాయి చెట్టు ఉండేది. మా అమ్మ ఒకసారి అనంతపురం పోయినప్పుడు తెచ్చిన అంటు అది. బస్సులో ఎవరి కాలూ తగలకుండా దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట. ఆ తర్వాత ఆరేళ్లపాటు, ఊరి చివర బావి నుంచి మోసుకొచ్చిన నీళ్లలో రోజుకొక బిందె దానికి పోసింది. మా వైపు నీళ్లంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ బిందె విలువ నేను చెప్పక్కర్లేదు. చెట్టు మాత్రం నిటారుగా, పచ్చగా, ఒళ్లంతా ముళ్లతో ఎదిగిందే తప్ప ఒక్క కాయ కాయలేదు. చీనీకాయల రసం మాకెప్పుడు పోస్తావని బావి దగ్గర ఆడవాళ్లు అమ్మను ఆటపట్టించేవారు. అమ్మ నవ్వి ఊరుకునేది. బిందె దించి ఇంట్లోకి వచ్చాక ఆ నవ్వు ఉండేది కాదు.

ఆ ఎండాకాలం బావి అడుగంటింది. అదే సమయానికి మా నాయనకు ఎద్దుల కొట్టం వేయడానికి చోటు కావలసి వచ్చింది. ఒకరోజు అన్నం తింటూ మాట తేల్చేశాడు.

"ఆరేండ్లు నీళ్లు తాగింది. ఒక్క కాయ ఇయ్యలే. వానలు పడేలోపల కొట్టేసి ఆడ కొట్టం ఏస్తా."

అమ్మ పళ్లెంలో అన్నం అట్లాగే ఉండిపోయింది. నాకు ఒళ్లు మండింది. మా నాయనను చూసి కాదు, మా అమ్మను ఇంత కష్టపెట్టి తాను మాత్రం హాయిగా నిలబడిన ఆ చెట్టును చూసి.

పండ్ల చెట్లను కత్తిరిస్తే బాగా కాస్తాయని బళ్లో మా అయ్యవారు ఎప్పుడో చెప్పారు. ఎట్లా కత్తిరించాలో ఆయన చెప్పలేదు, నేను అడగనూ లేదు. మరునాడు నాయన కళ్యాణదుర్గం సంతకు, అమ్మ చేనికి పోగానే దోటి బయటికి తీశాను. చెట్టులో నాకు రెండు రకాల కొమ్మలు కనబడ్డాయి. కొన్ని కింద నుంచి నిలువుగా లేచి, లావుగా, నిగనిగలాడుతున్నాయి. కొన్ని పక్కలకు వంగి, వంకర్లు తిరిగి, ఆకు పలచబడి ఉన్నాయి. బలమైనవాటిని ఉంచి బక్కవాటిని తీసేయాలని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. సన్నవి ఒక్క గుంజుకే వచ్చేశాయి. చివరికి మణికట్టంత కొమ్మకు కొడవలి తగిలించి, కాళ్లు తన్నిపెట్టి, ఊగుతూ లాగాను. అది విరిగి ఊరుకోలేదు. మానుదాకా బెరడు చీల్చుకుంటూ పడింది. మూరెడు పొడవున తెల్లటి చెక్క బయటపడింది. దాన్ని చూడగానే దోటి అక్కడే పారేసి ఇంట్లోకి పరుగెత్తాను.

సాయంత్రం అమ్మ వచ్చి చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. నెత్తి మీది కట్టెలమోపు దించకుండానే నిలబడిపోయింది. రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండుననిపించింది. నాయన మాత్రం వచ్చీ రాగానే పెద్దగా నవ్వాడు. "నువ్వు మొదలుపెట్టినావు గదా, మిగిలింది నేను చేస్తాలే" అంటూ దూలం మీది గొడ్డలి దించాడు.

మా పక్కిల్లు సాయబు తాతది. ఆయన పెరట్లో గులాబీలు పెంచి దర్గాకు పూలు ఇచ్చేవాడు. చెట్టుకు కత్తెర వేయడం తెలిసిన మనిషి మా ఊళ్లో ఆయన ఒక్కడే. మట్టిగోడ అవతల నిలబడి ఈ గొడవంతా చూస్తున్నాడు.

"ఏమప్పా, ఆ గొడ్డలితో యాడ కొడతావు? అంచు చూడు, ఎట్ల మొద్దుబారిపోయిందో. ఇట్ల తే, సాన పట్టి ఇస్తా."

నాయన బొటనవేలితో అంచు తడిమి చూశాడు. ఆ మాట నిజమే కావడంతో గోడ మీదుగా గొడ్డలి అందించాడు. అది మళ్లీ మా ఇంటికి రావడానికి నెలన్నర పట్టింది.

తెల్లవారి నాయన చేనికి పోగానే సాయబు తాత మా పెరట్లోకి వచ్చాడు. చంకలో ఉన్న గుడ్డచుట్టను నేల మీద పరిచి విప్పాడు. అందులో ఒక చేతిరంపం, కొన వంగిన చిన్న కత్తి, ఒక కత్తెర ఉన్నాయి. దర్జీ కత్తెర లాంటిది కాదది. పొట్టి ముక్కుతో, పిడుల మధ్య స్ప్రింగుతో పిడికిట్లో ఇమిడేది. నేను తలుపు చాటున దాక్కున్నాను. నన్ను పిలిచాడు. ఇక తిట్లు తప్పవనుకుంటూ వెళ్లి నిలబడితే, ఆయన ఆ కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే గదా కోసింది. నువ్వే బాగుచెయ్యల్ల. రా పాపా."

అమ్మ కంగారు పడింది. "దాని చేతికి ఎందుకు మామా? ఇంకా చెరుపుతాది."

"చెరిపింది కాబట్టే ఇస్తాండా అమ్మా. చెరపనోళ్లకు భయం యాడుంటాది?"

ముందు కత్తెర తెరవనివ్వలేదు. నిలువు కొమ్మ ఆకు ఒకటి, వంకర కొమ్మ ఆకు ఒకటి తెంపి, విడివిడిగా నలిపి నా ముక్కు దగ్గర పెట్టాడు. మొదటిది ఘాటైన నిమ్మవాసన. రెండోది మెత్తగా, కాస్త తియ్యగా ఉంది. తర్వాత మాను మీద జానెడు ఎత్తులో ఉన్న బొడిపెను చూపించాడు. అది అంటు కట్టిన చోటట. పైన చీనీ, కింద వేరు కోసం వాడిన మొరటు నిమ్మ. నేను అపురూపంగా ఉంచిన నిలువు కొమ్మలన్నీ ఆ బొడిపె కింద నుంచి పుట్టినవే. ఆరేళ్లుగా మా అమ్మ మోసిన నీళ్లు తాగి బలిసినవి అవి. మేము చూసి మురిసిన పచ్చదనమంతా వాటిదే. బక్కవని నేను పీకిపారేసినవే అసలు చీనీ కొమ్మలు, అందులో రెండే మిగిలాయి. నాకు ఏడుపు ఆగలేదు. తాత ఆ రెండింటినీ చేత్తో తట్టి, "రెండుండాయి. చాలు" అన్నాడు.

వారం రోజులు పొద్దున్నే అదే పని. కాగిన నీళ్లతో కడిగి, ఆరాక సీమనూనె గుడ్డతో తుడవనిదే ఏ పనిముట్టూ చెట్టును తాకకూడదు. ఒక చెట్టు జబ్బు ఇంకో చెట్టుకు మోసేది కత్తేనని తాత చెప్పేవాడు. కొమ్మ పక్కన నా బొటనవేలు పెట్టించేవాడు. వేలికంటే సన్నమైతే కత్తెర, లావైతే రంపం. కత్తెరను అటూ ఇటూ మెలితిప్పవలసి వచ్చిందంటే చేతిలో ఉన్నది తప్పు పనిముట్టని అర్థం. కత్తెరలో పదునున్న రెక్క చెట్టు వైపు ఉండాలి, మొద్దు రెక్క పడిపోయే కొమ్మ వైపు ఉండాలి. నలిగితే ఆ పడిపోయేదే నలగాలి. ఇదంతా ఆయన పెద్దగా మాట్లాడి నేర్పలేదు. నేను తిరగేసి పట్టినప్పుడల్లా ఊరికే నా మణికట్టు తిప్పి సరిచేసేవాడు.

రంపం పట్టడం అన్నిటికంటే కష్టమైంది. లావుపాటి నిలువు కొమ్మను ముందు అది పడబోయే వైపు కొంచెం కోయించాడు. తర్వాత కాస్త పైన, అవతలి వైపు నుంచి కోయమన్నాడు. కొమ్మ బరువుకు వాలి పడింది, బెరడు మాత్రం ఆ మొదటి గాటు దగ్గరే ఆగిపోయింది. ఆగిపోయిన ఆ చోటును నేను ఎంతసేపు చూశానో! దోటికీ రంపానికీ తేడా అంతా అక్కడే ఉంది. మిగిలిన మొండిని, చెట్టు పాదులో మన్ను తవ్వి, మానుకు దగ్గరగా మొదలంటా తీయించాడు. నేను చీల్చిన గాయం దగ్గర వేలాడే బెరడును చిన్నకత్తితో నున్నగా చెక్కించి, మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పూయించాడు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా గిన్నె అంచులా నున్నగా వచ్చిన కోతను వేలితో తడిమినప్పుడు, బళ్లో ఎన్నడూ ఎరగని గర్వం నాకు కలిగింది.

నిలువు కొమ్మలు పోయాక చెట్టు బోడిగా నిలబడింది. పైగా నీళ్లు ఆపేయమన్నాడు తాత. "ఎండనియ్యమ్మా. కడుపు మాడితేనే పూస్తాది" అన్నాడు. ఆకులు వడలి ముడుచుకుపోతుంటే అమ్మ ఆయన మాట నమ్మి బిందె ముట్టుకోలేదు కానీ, రోజుకు పదిసార్లు పెరట్లోకి వెళ్లి వచ్చేది. మా నాయన ఆ మోడును చూసి గొడ్డలి అడిగాడు. సానరాయి పగిలిందని తాత జవాబు. నాలుగు రోజులాగి అడిగితే, పిడి వదులైంది, కొత్త పిడికి కట్టె ఆరబెట్టానన్నాడు. ఆ కట్టె ఎంతకూ ఆరలేదు, అంత ఎండలో.

ఇక నాయన అరువుకు బయల్దేరాడు. మా వైపు ఒక కట్టుబాటు ఉంది. పండ్ల చెట్టును నరకడానికి ఎవరూ గొడ్డలి ఇవ్వరు. ఆ పాపంలో సగం ఇచ్చిన ఇంటికి చేరుతుందంటారు. పొయ్యిలోకి కట్టెలు కావాలని చెబితే సరిపోయేది. కానీ అబద్ధమాడడం మా నాయనకు చేతకాదు. ఏం చెట్టని అడిగితే చీనీ అని చెప్పేవాడు. నాలుగిళ్లు తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. నాలుగో ఇంటాయన గోడకు ఆనించిన గొడ్డలికి అడ్డంగా నిలబడి, మా ఇంట్లో గొడ్డలే లేదప్పా అన్నాడట. ఆ సంగతి నాయనే చెప్పి విసుక్కుంటుంటే, చాలా రోజుల తర్వాత అమ్మ ముఖంలో నవ్వు చూశాను.

మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడ్డాయి. శెనక్కాయ విత్తనం పనిలో పడి నాయన కొట్టం మాటే మరిచిపోయాడు. మూడో వారం ఒక తెల్లవారుజామున ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి పోయిన నాకు ఎన్నడూ ఎరగని పరిమళం తగిలింది. నా వెనకే అమ్మ వచ్చింది. మిగిలిన ఆ రెండు కొమ్మలూ ఆకు కనపడకుండా తెల్లగా పూశాయి. అమ్మ చెట్టును తాకలేదు, నన్ను దగ్గరికి లాక్కుని బొబ్బలు మానిన నా అరచేతులు రెండూ కళ్లకు అద్దుకుంది. నేను గోడెక్కి తాతను కేకేశాను. ఊరంతా లేచి ఉంటుంది ఆ కేకకు.

ఆ రోజే తాత గొడ్డలి తిరిగి ఇచ్చాడు. అంచు తళతళలాడుతోంది. మధ్యాహ్నం నాయన ఎద్దులతో ఇల్లు చేరేసరికి అమ్మ దాన్ని పట్టుకుని చెట్టు కింద నిలబడి ఉంది.

"ఇదో, వచ్చింది నీ గొడ్డలి. కొట్టాలంటే ఇప్పుడు కొట్టు."

అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేను విన్నది అదే మొదలు. నాయన పూలవైపు, వాటి చుట్టూ ముసిరిన తేనెటీగలవైపు చూశాడు. నా వైపు చూశాడు. అంచు తడిమి, గోడ అవతలికి వినబడేలా, "ఏం పదును పెట్టినావు మామా! ఇంక తుమ్మలు కొట్టుకోవల్ల నేను" అన్నాడు. అట్లాగే తుమ్మ గుంజలు కొట్టి, కొట్టం అవతలి పక్క వేశాడు. ఆ మరుసటి వారం వాన మొగం చాటేస్తే, బావి నుంచి చెట్టుకు బిందె మోసింది ఆయనే. ఆ ఏడు నిలిచినవి పదకొండు కాయలు. మొదటి రెండు సాయబు తాత ఇంటికి పోయాయి. మిగతావాటి రసం అమ్మ చెంబులో పట్టుకుని బావి దగ్గరికి పోయి, ఆడవాళ్లందరికీ తలా ఒక గుక్క పోసి, ఖాళీ చెంబుతో రాణిలా తిరిగి వచ్చింది.

ఇప్పుడు నాకు సొంతంగా దానిమ్మ తోట ఉంది. కత్తిరింపు రోజుల్లో విడపనకల్లు దాకా వెళ్లి ఆడవాళ్లకు నేర్పి వస్తాను. ఆకు వాసన, రంపం గాట్లు, సున్నం ముద్ద అన్నీ ఆ వారం రోజుల్లో వచ్చినవే. కానీ నేను తాత దగ్గర తీసుకున్న అసలు సొత్తు వేరే ఉంది. చెరిపిన చేతిని ఖాళీగా పంపించకూడదు.

కిందటేడు కొత్తగా పనికి వచ్చిన ఒక అమ్మాయి తెలియక ఒక వరుసంతా పూత కొమ్మలు కోసేసి, నిలువుగా లేచి కాపు ఇవ్వని నీటి కొమ్మలు ఉంచింది. మా అబ్బాయి మాన్పించేయమన్నాడు. నాకు తాతకున్న ఓపిక లేదు కాబట్టి గొంతు నొప్పి పుట్టేదాకా తిట్టాను. ఆ పిల్ల ఇక రాదనుకుని ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయి, పొద్దున్నే రమ్మని చెప్పాను. మరునాడు నా సొంత కత్తెర ఆమె చేతిలో పెట్టి, అదే వరుసలోకి తీసుకుపోయాను. ఆమె కత్తెరను తిరగేసి పట్టింది. ఆ పొరపాటు నాకు బాగా తెలుసు. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని కొంచెం తిప్పాను.

ఈ ఏడు కత్తిరింపు మొదలైన రోజు, తొలి కోత ఎవరు వేస్తారని అడిగాను. పన్నెండు మంది ఆడవాళ్లూ పక్కకు జరిగి, కిందటేడు వరుస చెరిపిన ఆ పిల్లకు దారి ఇచ్చారు.