పోగు కొస దొరికిన పిల్ల

హిందూపురంలో మా పక్కింటి కిటికీలోంచి రోజూ సాయంత్రం ఏడున్నరకు ఒక ఏడుపు వినిపిస్తుంది. ముందు చిన్న వెక్కు, కాసేపు ఏమీ ఉండదు, తర్వాత గొంతు జారుతుంది. టీవీ చూడకుండానే చెప్పగలను, అది సుకన్య. ఇప్పుడొచ్చే సీరియల్లో ఆమె పెద్ద కోడలు. టీ అంగట్లో ఎవరు దొరికినా, "ఆ ఏడుపు నేను నేర్పిందేనప్పా, ఆరు నెలలు పక్కన కూర్చోబెట్టుకున్నా" అంటుంటాను. ఆరు నెలలు కాదు, అరపూట. నేర్పడం సంగతి కూడా చెబుతాను, వినండి.

అప్పుడు నేను పెనుకొండలో తెలుగు పంతులును. బడి పిల్లలతో నాటకాలు వేయిస్తానని పేరుండేది. కోటలో సీరియల్ తీయడానికి వచ్చినవాళ్ళు ఎనిమిదేళ్ళ పిల్ల కావాలంటే మూడో తరగతి సుకన్యను చూపించాను. వాళ్ళది ధర్మవరం, మగ్గాల ఇల్లు. పెనుకొండలో మేనత్త దగ్గర ఉండి చదువుకునేది. ప్రాణమంతా అవ్వ మీదే. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, ఒక్కో పోగు కొసకూ కొత్త పోగును బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టి అతకడం అవ్వ పని. సెలవులకు పోతే సుకన్య కూడా పక్కన కూర్చుని అతికేది.

మొదటి రోజే ఏడ్చే సీను. గ్లిజరిన్ వేస్తే కళ్ళు ఎర్రబడ్డాయి గానీ ముఖం ఏడవలేదు. డైరెక్టర్ గడియారం చూసుకుని, "మాస్టారూ, భోజనాల లోపల ఏడవకపోతే హైదరాబాదు నుంచి వేరే పాపను పిలిపిస్తా" అన్నాడు. పిల్ల వేషం కంటే నా పరువే నాకు ముఖ్యమైంది. వంగి చెవిలో చెప్పాను: "మీ అవ్వ పడిపోయిందంట పాపా. పుట్టపర్తి ఆస్పత్రికి తీసకపోయినారంట."

ఒక్క షాట్‌లో అయిపోయింది. అందరూ చప్పట్లు కొడితే నేను నాలుగు వైపులా దండాలు పెట్టాను.

మనవరాలి షూటింగు చూద్దామని ఒంటిగంట బస్సుకు అవ్వ బొరుగుల మూటతో దిగింది. సుకన్య ఆమె మోకాళ్ళూ మోచేతులూ తడిమి చూసి, నా దగ్గరికొచ్చింది.

"అవ్వకేం కాలేదు గదా సారూ. అబద్దం యాల చెప్పినారు?"

"నటనంటే అంతే పాపా."

"నేను యాడ నటించినా? మీరు ఏడిపిస్తే ఏడ్చినా."

తిన్నగా డైరెక్టర్ దగ్గరికి పోయి, "మళ్ళా తీయండి సారూ" అంది. ఆయన నవ్వి, "ఒక్కసారే. సరిగా రాకపోతే ఇంటికే" అన్నాడు.

"ఏమి సారూ, చేతికొచ్చిన వేషం పోగొట్టుకుంటాదేమో ఈ పిల్ల!" అంది అవ్వ.

సుకన్య రాతి మెట్టు మీద కూర్చుని బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెలిపెట్టసాగింది. చిన్న వెక్కు. కాసేపు ఏమీ లేదు. గొంతు జారింది. డైరెక్టర్ కట్ అనకముందే అవ్వ "ఏమైందే తల్లీ" అంటూ ఉరికింది.

"ఎట్ల ఏడ్చినావు?" అని తర్వాత అడిగాను.

"పొద్దున మీరు తెంపినారు గదా సారూ, ఆ కొస దొరికింది. దానికే అతికినా."

వేషం నిలిచింది. పదమూడేళ్ళకు పొడుగు సాగితే చిన్నపిల్ల వేషాలు ఆగిపోయి, నాలుగేళ్ళు ధర్మవరంలో అవ్వ పక్కన పోగులు అతికింది. మళ్ళీ చెల్లెలి వేషంతో మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చింది. ఏడ్చే ముందు ఇప్పటికీ ఆ వేళ్ళు మెలిపడతాయి.

పోయినేడు హిందూపురంలో సన్మానం చేస్తే, నన్ను వేదిక మీదికి పిలిచి "మొదటి గురువు" అంది. నిజం చెప్పాల్సిన చోటు అదే. నేను శాలువా కప్పించుకున్నాను. ఆమె వంగి నా చెవిలో, "అవ్వ ఎట్లుండాదని అడగరేం సారూ?" అంది నవ్వుతూ.

ఆ కోట మెట్ల తర్వాత నా నాటకాల్లో ఏ పిల్లనూ అబద్ధమాడి ఏడిపించలేదు. ఒకసారి నోటిదాకా వచ్చింది, మింగాను. ఆ రోజు మా కథానాయిక ఏడవకుండానే తెర దించాం. ఊరంతా నవ్వింది. మీకు చెప్పిన ఈ కథలో మాత్రం ఒక్క ముక్క కూడా పెంచలేదు.