చెంచాడు కొసరు

రత్నాజీ మాస్టారు పరమపదించారన్న వార్త మంగళవారం ఉదయం పది గంటలకు నా చెవిన పడింది. అప్పుడు నేను షెడ్డులో గరాటు ముందు నిలబడి ద్రావణం వడగడుతున్నాను. కబురు తెచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగి, "తెల్లారగట్ల గుండె ఆగిపోయిందండి" అన్నాడు. నేను వడగట్టడం పూర్తి చేశాను. సీసాలకు మూతలు బిగించాను. జాడీ కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, రెండు వీధుల అవతల ఉన్న వారింటికి అప్పుడు బయలుదేరాను. దిగ్భ్రాంతి అంటే ఇదే కాబోలు. ఆ రోజు కన్నీరు రాలేదు. నెల గడిచి ఈ వ్యాసం రాస్తున్న ఈనాటికీ రాలేదు.

సంతాప సభలో వక్తలు ఆయనను సుగంధద్రవ్య వ్యాపారి అన్నారు. ఒక పెద్దమనిషి సబ్బుల తయారీలో అద్వితీయుడని కొనియాడి, పూలదండ వేసి దిగాడు. ఆయన జన్మలో సబ్బు చెయ్యలేదు మహాప్రభో. పోయిన మనిషి బతికినన్నాళ్ళూ ఏం చేశాడో కనుక్కునే ఓపిక కూడా మనకు లేకపోతే ఎలా? ఒళ్ళు మండింది. ఆ ఒక్క మంట తప్ప ఆ రోజు నాలో వేరే ఏ స్పందనా లేదు.

సామర్లకోట బజారులో వారిది మూడు తరాల నూనెల కొట్టు. మాస్టారు రసాయనశాస్త్రం అభ్యసించి కాకినాడలో ఒక కళాశాలలో డెమాన్‌స్ట్రేటరుగా ఉండేవారు. నేను అక్కడే ఆయన శిష్యురాలిని. తండ్రిగారి మరణానంతరం ఉద్యోగం వదులుకుని కొట్టు మీదికి వచ్చారు. కొట్టు వెనక రేకుల షెడ్డు వేసి, దాన్నే ప్రయోగశాల చేసుకుని, నన్ను సహాయకురాలిగా పిలిచారు. ఆడపిల్ల బజారులో పని చెయ్యడమేంటని మా నాన్న పది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి, ఒక్క మాట వచ్చినా మానిపించేస్తానన్న షరతు మీద ఒప్పుకున్నారు.

ఆ షెడ్డులో జరిగిన తపస్సుకు మూలకారణం ఉప్పాడ నేతకత్తె నూకాలు. నెలకోసారి నూనెకని కొట్టుకు వచ్చేది. ఒకసారి సొమ్ములిస్తుంటే మాస్టారి దృష్టి ఆమె వేళ్ళ మీద పడింది. సముద్రపు ఉప్పుగాలికి చర్మం బీటలు వారి, గరుకెక్కి ఉంది. సన్నని నూలు ఆ పగుళ్ళకు తగులుకుని తెగిపోతుందని చెప్పింది. నూనె రాసుకోవచ్చు కదా అన్నారు మాస్టారు.

"రాసుకుంటే చీర పోద్దండి, రాసుకోకపోతే పోగు పోద్దండి. ఏం చెయ్యమంటారు?" అని నవ్వేసి వెళ్ళిపోయింది నూకాలు.

మాస్టారు నవ్వలేదు. చర్మానికి నూనె అందాలి, బట్టకు నూనె అంటకూడదు. ఈ ఒక్క సమస్య ఆయన జీవితంలో అయిదేళ్ళు తీసుకుంది.

తెలియనివారి కోసం చెబుతున్నాను. నూనెను నీళ్ళలో చిలికితే పాలలా తెల్లబడుతుంది, కాసేపటికి నూనె మళ్ళీ పైకి తేలుతుంది. రెంటినీ కలిపి ఉంచే ఎమల్సిఫయర్‌ను, గ్లిజరిన్‌ను తగిన పాళ్ళలో చేరిస్తే నూనె బిందువు సూక్ష్మాతిసూక్ష్మమై, వెలుతురు కూడా దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. అప్పుడు సీసాలో ఉన్నది స్వచ్ఛమైన నీరేమో అనిపిస్తుంది. ఆ పాళ్ళు దొరకడమే గగనం. రవ్వంత అటూ ఇటూ అయితే మబ్బు కమ్ముతుంది.

సీసా తేటదనానికి ఆయన దగ్గర ఉన్న కొలమానం పంచాంగం. సీసాను పుట మీద పెట్టి, ఆ చీమతలకాయలంత అక్షరాల్లో తిథి వార నక్షత్రాలు సీసాలోంచి చూసి నన్ను పైకి చదవమనేవారు. ఒక్క అక్షరం తడబడితే ఆ సీసా పారబోయడమే. రోహిణీ కార్తెలో రేకుల మీద మూడు రోజులు, సోడా కొట్టువాడి ఐసుపెట్టెలో మూడు రోజులు ఉంచి, బయటికి తీశాక కూడా పంచాంగం కనపడాలి. కొట్టుకొచ్చిన పాలకొల్లు భూస్వామి ఒకాయన సీసా తిప్పి తిప్పి చూసి, "ఏంటండి రత్నాజీ గారూ, నీళ్ళకి కూడా మూత బిగించి అమ్ముతారా?" అన్నాడు. మాస్టారు ఏమీ అనుకోలేదు, చెయ్యి చాపమని రెండు చుక్కలు వేశారు.

ఒకనాడు నేను నోటుపుస్తకంలో నూనె పూర్తిగా కరిగినది అని రాస్తే, ఆయన ఎర్రసిరాతో కొట్టేశారు.

"కరగడం ఉప్పు చేసే పనమ్మాయ్. నూనె ఇముడుతుంది. ఎంత ఇముడుతుందో అంతే పొయ్యాలి" అన్నారు.

ఆ మాట విన్నాను, రాసుకున్నాను, పరీక్షలో అడిగితే అప్పజెప్పగలను. అయినా నా బుర్రకెక్కలేదు.

మొదటి సీసా నూకాలు నెల్లాళ్ళు వాడింది. చీరకు మరక లేదు, పోగు తెగలేదు. మాస్టారు ఆ రోజు రెండుసార్లు కాఫీ తాగారు, అది ఆయన పండుగ. నూకాలు మాత్రం వెళ్ళేముందు నాతో, మందు బాగుంది గాని నీళ్ళలా ఉందని, నూనె పొయ్యడానికి మీకు చెయ్యి రాలేదని వేళాకోళం చేసింది. నాకు రోషం వచ్చింది. మా కొట్టుకా ఆ మాట? మాస్టారి తాతగారి కాలం నుంచి ఆ కొట్లో కొలత పూర్తయ్యాక గరిటెడు కొసరు పొయ్యకుండా ఎవరినీ పంపలేదు. కొసరు పొయ్యని చెయ్యి పాడుచెయ్యి అని నేను చూసి నేర్చుకున్నది. రెండో సీసా నింపేనాడు మాస్టారు గ్లిజరిన్ కోసం రాజమండ్రి వెళ్ళారు. నేను నూకాలు సీసాలో చెంచాడు నువ్వులనూనె కొసరు పోసి కలిపాను. వేసవి మధ్యాహ్నం, షెడ్డు కాగిపోతోంది. సీసా తేటగానే ఉంది, పంచాంగం కనపడింది. ఐసుపెట్టె పరీక్ష చెయ్యకుండా పంపేశాను.

ఉప్పాడలో వేకువ చల్లదనానికి ఇమడని నూనె విడివడి పైకి తేలింది. నూకాలు అలవాటు చొప్పున సీసా వంచి చేతులకు పట్టించుకుని మగ్గం మీద కూర్చుంది. రెండు రోజుల్లో మగ్గం దిగవలసిన జరీ చీర అది. పైటచెంగు మీద అరచేయంత మరక పడింది.

కబురందగానే మాస్టారూ నేనూ బస్సెక్కాం. దారిలో చెప్పేశాను. పిఠాపురం దాటాక ఆయన, "కొట్లో కొసరు పొయ్యకపోతే తప్పు, ఇక్కడ పోస్తే తప్పు. అంతేనమ్మాయ్" అన్నారు. మళ్ళీ, "నువ్వక్కడ నోరు విప్పకు. మీ నాన్నగారి చెవిన పడితే రేపట్నించి నిన్ను రానివ్వరు" అన్నారు.

నూకాలు గుమ్మంలో, చుట్టుపక్కల నేతగాళ్ళందరి ముందు, ఆయన చేతులు జోడించి నిలబడ్డారు.

"కలిపింది నేనే. కొలత తప్పింది నాకే" అన్నారు.

నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

ఆ చీర ఆయనే తీసుకున్నారు. సుభద్రమ్మగారు, అంటే మాస్టారి భార్య, ఆ మరకతోనే పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ కట్టుకునేవారు. ఆ పైట కనపడ్డప్పుడల్లా నేను మొహం తిప్పుకునేదాన్ని. మాస్టారు సరైన సీసాలు పట్టుకుని ఉప్పాడ ఇంకా రెండుసార్లు వెళ్ళారు. వాళ్ళు పీట వేశారు, మజ్జిగ ఇచ్చారు, సీసా మాత్రం పుచ్చుకోలేదు. కొలత తప్పే చేతి మందు మగ్గం దగ్గరికి రానివ్వలేమని మర్యాదగానే చెప్పారు. ఆ తరవాత ఆ ద్రవం పట్టణాల్లో ఫ్యాన్సీ దుకాణాలకు మొహానికి రాసుకునే మందుగా వెళ్ళింది. బాగానే అమ్ముడుపోయింది. ఆయన దాని గురించి ఒక్కనాడూ సంతోషంగా మాట్లాడగా నేను వినలేదు.

ఇదంతా జరిగి ఎనిమిదేళ్ళు. మా నాన్న పోయి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఎప్పుడైనా నేను ఉప్పాడ బస్సెక్కవచ్చు. భయపడ్డానని రాసుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది, కాని భయం కూడా కాదు. ఊరికే ఉండిపోయాను. చెప్పకపోవడం అలవాటైపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఒక సీసా తీసుకుని ఉప్పాడ వెళ్ళాను. నూకాలు పాత ఇంటిని సముద్రం తినేసింది, ఇప్పుడు లోపలి వీధిలో ఉంటోంది. మాస్టారు పోయారని చెప్పాను. ఆమె మగ్గం ఆపి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. కొసరు సంగతి చెప్పాను. బస్సులో ఆయన నన్ను నోరు విప్పవద్దన్న మాట కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె సీసా అందుకుని, నాలుగు చుక్కలు వేళ్ళకు పట్టించుకుని, ఆరేదాకా ఆగి, మగ్గం మీది చీరను నిమిరింది. చెయ్యి తీసి, చీర మీదికి వంగి చూసింది.

"ఎనిమిదేళ్ళు మా వేళ్ళు ఊరికే పగిలాయన్నమాట అమ్మాయిగారూ" అంది.

ఆమె పక్కింటివాళ్ళకు కూడా కావాలని, వచ్చే వారం పది సీసాలు తెమ్మని చెప్పి మళ్ళీ మగ్గం మీద కూర్చుంది. నేను బస్టాండు దాకా నడిచి వచ్చాను. ఏమీ అనిపించలేదు.

మాస్టారి వంటి ధీశాలి, స్థితప్రజ్ఞుడు మళ్ళీ ఈ గడ్డ మీద పుడతాడని నేను అనుకోను. ఆయన పాదాలకు నమస్కరించడానికి నాకున్న అర్హత ఎంతో చదివినవారే తేల్చండి. ఉప్పాడలో ఎవరికైనా ఈ పత్రిక అందితే, చదవడం రానివాళ్ళకు ఈ ఒక్క ముక్క బిగ్గరగా చదివి వినిపించమని ప్రార్థన. ఆనాడు కొలత తప్పింది రత్నాజీ గారికి కాదు. నాకు.