తోమేసిన దోసెరాయి

ఆడి నెల, శుక్రవారం, విరుదునగరం. కోవిల్‌పట్టిలో రాత్రిపూట దోసెల బండి నడిపిన మా మరిది పోయాడు. కర్మలన్నీ ముగిశాక నిన్ననే అక్కడి నుంచి వచ్చాను. దుఃఖం చెప్పుకోవడానికి రాయడం లేదు. ఆయన వదిలిపోయిన ఒక్క వస్తువును మనవాళ్లే పాడుచేశారు, అందుకు రాస్తున్నాను.

ఆ రోజుల్లో మిల్లు రెండో షిఫ్టు వదిలే వేళకు ఊళ్లో ఒక్క హోటలూ తెరిచి ఉండేది కాదు. తలకు దూది అంటుకున్న మనుషులు నేరుగా ఆయన తోపుడు బండి దగ్గరికి వచ్చేవారు. ఆయన దోసెరాయికి, అంటే ఇనప పెనానికి, నువ్వుల నూనె పూసి, కోసిన ఉల్లిపాయతో రుద్ది, మొదటి దోసె పోసేవాడు. ఎవరు ఆకలని అరిచినా అది పెట్టేవాడు కాదు. గీరి, చక్రం పక్కన కుక్కకు వేసేవాడు.

“ముందు రాయి తినల్ల. అప్పుడే మనుషులకు పెడ్తాది” అనేవాడు.

ఆ నల్లటి రాయిని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఒకసారైనా తోమకూడదా అంటే, “తోమేదానికి ఇది చెంబా వదినె? నా మొగము. మొగము గీరితే నన్ను ఎవురు గుర్తుపడ్తారు?” అని నవ్వేవాడు.

ఆయన భార్య, నా తోడికోడలు, బండి మళ్లీ తీయాలనుకుంది. ఆమె బతుకు దాని మీదే. పిండి కూడా రుబ్బుకుంది. కానీ అంతకుముందే, మైల కడిగిన రోజున, సాయానికొచ్చిన ఆడవాళ్లు ఇంట్లో ఒక్క గిన్నె వదలకుండా తోమారు. రాయిని కూడా, ఇటుకపొడితో, చింతపండుతో! ఇన్నేళ్లు నూనె తాగిన నలుపు ఒక్క పొద్దులో తూము పాలైంది.

“ఎవరు చేశారు?” అని అడిగాను.

“మేమే పెద్దత్తా, నేనూ మా పిన్నమ్మా” అంది ఆయన కోడలు. “మైల పోవల్ల కదా? చూడండి, అద్దము మాదిరి ఉండాది.”

“అద్దం మీద దోసె పోస్తావా?”

నా తోడికోడలు పోసి చూసింది. ఒక్కటీ లేవలేదు. అట్లకాడ కింద పెట్టి, “ఆయన చెయ్యీ పోయె, రాయీ పోయె అక్కా” అంది.

శుభ్రం ఎక్కడ ఆపాలో మనవాళ్లకు తెలియదు. మనిషిని కడిగి సాగనంపాం, అది చాలదా?

ఇక కోవిల్‌పట్టి ఇంట్లో జరగవలసినవి:

1. రాయికి సబ్బు, బూడిద, ఇటుకపొడి తగలకూడదు.

2. తోమినవాళ్లే రోజూ సాయంత్రం దాన్ని నూనెతో, ఉల్లిపాయతో రుద్ది కాల్చాలి. ఓపిక లేదంటే వినను.

3. సోమవారం బస్సుకు వస్తాను. బండి తుడిచి ఉంచండి.

4. బండి తీసిన రాత్రి మొదటి దోసె అంటుకుంటే ఎవరూ ఏడవకండి. గీరి చక్రం పక్కన వేయండి. రాయి తింటోంది.